హనోకు పెట్టని ఒట్టు

“ఎంతసేపైందిరా?” అని వెంకటరామి అరుగు మీద నుంచే కేకేశాడు.

“ఇరవై నిమిషాలప్పా,” అని షెడ్డులోంచి ఎవరో జవాబిచ్చారు. ఆ జవాబు వెనకాలే చైన్ బ్లాకు గరగరమని తిరిగిన చప్పుడు. దాని వెనకాల మనిషి అరుపు.

వెంకటరామి భార్య సుభద్రమ్మ అప్పుడు ఎస్సైకి కాఫీ అందిస్తోంది. గ్లాసు ఒలకలేదు. ఒలకనందుకు ఆమెకు తనమీదే ఆశ్చర్యం కలిగింది.

టిప్పర్ల ఇంజన్లు పైకెత్తే గొలుసుకు ఈ పొద్దు మనిషిని కట్టారు. పదకొండేళ్లుగా ఆ ఇంటి జీపు తోలుతున్న హనోకుని. మొన్న మధ్యాహ్నం అతను చిన్న కొడుకు వివేక్‌ని యశ్వంతనగర్ తీసుకుపోయాడు. లోడింగు దగ్గర వచ్చిన తగవు మాట్లాడి వద్దామని పోయారు. నిన్న పొద్దున జీపు ఒక్క హనోకుతోనే తిరిగి వచ్చింది. అద్దం పగిలి ఉంది. అతని తలా పగిలి ఉంది. మలుపులో నలుగురు అడ్డం నిలబడి వివేక్‌ని లాక్కుపోయారని, మొహాలకు గుడ్డలు కట్టుకున్నారని, తనకు స్పృహ వచ్చేసరికి ఎవరూ లేరని చెప్పాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

“యజమాని కొడుకుని పట్టుకపోయినోళ్లు డ్రైవర్ని జీపుతో సహా ఇంటికి పంపిస్తారా?” అన్నాడు పెద్దకొడుకు ప్రశాంత్. జవాబు లేని ప్రశ్న ఎంత తొందరగా నేరం అయిపోతుందో సుభద్రమ్మ నిన్నటినుంచి చూస్తూనే ఉంది.

ఎస్సై కాఫీ రెండు గుక్కల్లో తాగాడు. షెడ్డు వైపు తిరిగి చూడలేదు.

“నేను వాన్ని స్టేషనుకి కరకొండు పోయేది పెద్ద పని కాదు యజమాన్రే,” అన్నాడు వెంకటరామితో. “కానీ అరెస్టు చూపిస్తే ఇరవైనాలుగు గంటల్లో జడ్జి ముందర నిలబెట్టాల. ఒంటిమీద దెబ్బలుంటే నా ఉద్యోగం పోతాది. మీ ఇంటి మనిషి, మీరే మాట్లాడుకోండి. ఏమన్నా తేలితే ఫోన్ చేయండి. సాయంత్రం వస్తా.”

“జడ్జి ఎందుకు చూస్తాడు సార్?” అని సుభద్రమ్మ అడిగింది. ఆమె మగవాళ్ల మాటల్లోకి రావడం తక్కువ. వెంకటరామి ఆశ్చర్యంగా తలెత్తాడు.

“కొట్టినారా, బాగుండావా అని అడిగేదానికమ్మా. రూలు.”

“దొంగనైనా అడుగుతాడా?”

“ఎవర్నైనా.” ఎస్సై టోపీ పెట్టుకుని నవ్వాడు. “అదే గదా మా కష్టం.”

అతని జీపు వెళ్లిపోయింది. ఎర్రటి దుమ్ము లేచి గేటు దగ్గరున్న జనం మీద పడింది. వాళ్లు తుడుచుకోలేదు. ఈ జిల్లాలో ఇనుప ఖనిజం కోసం కొండలు తవ్వి ఓడలెక్కించడం మొదలైనప్పటినుంచి దుమ్ము తుడుచుకోవడం అందరూ మానేశారు.

ఆ జనం ఊరికే రాలేదు. వెంకటరామి నిలబడిన ఎన్నికలకు తొమ్మిది రోజులున్నాయి. ఐదు రోజుల కిందట రూపనగుడి బస్టాండు దగ్గర వెంకటరామి మైకు పట్టుకుని చెప్పిన మాట వాళ్లందరికీ నోటికి వచ్చు. “కోర్టు, వాయిదా, వకీలు, ఇవన్నీ ఎవరికప్పా? దొంగకి! దొంగకి హక్కులుంటే మన బిడ్డలకి లేవా? నాకు ఒక్క గంట ఇయ్యండి. నిజం వాని నాలిక మీదికి తెప్పిస్తా!” జనం ఈలలేశారు. మరునాటినుంచి గోడల మీద ఆయన బొమ్మ పక్కన ‘ఒక్క గంట’ అని రాశారు. అదే నినాదమైంది.

సుభద్రమ్మ ఆ రోజు సభలో ఆడవాళ్ల వైపు కూర్చుని ఉంది. ఒళ్లు పులకరించిన మాట నిజం. తన భర్త అంత చక్కగా మాట్లాడగలడని ఆమెకు అంతకుముందు తెలియదు.

ఇప్పుడా జనం గంట చూసుకుంటున్నారు.

“ముప్పై అయింది వెంకటరామప్పా!” అని గేటు దగ్గర ఎవరో పరాచికంగా అరిచారు. ఇంకెవరో నవ్వారు. బిడ్డ కనబడకుండా పోయిన ఇంటి ముందర నవ్వు! వెంకటరామి ఎండిపోయిన కళ్లలో భయం ఉంది. కొడుకు ఏమయ్యాడోనన్న భయం ఎంత, గంట దాటిపోతుందేమోనన్న భయం ఎంత, ఆమె వేరు చేసి చూడలేకపోయింది.

షెడ్డులో ఫ్యాన్ బెల్టు దెబ్బ మళ్లీ పడింది.

ఆమె పమిట బిగించుకుని నేరుగా షెడ్డులోకి నడిచింది.

హనోకు కాలి బొటనవేళ్లు మాత్రమే నేలకు తగులుతున్నాయి. చొక్కా లేదు. వీపు మీద బెల్టు అచ్చులు ఒకదాని మీద ఒకటి పడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో తెలియడం లేదు. కట్టిన మణికట్ల పైన చేతివేళ్లు వంకాయ రంగుకు తిరిగాయి. ప్రశాంత్ బెల్టు పట్టుకుని రొప్పుతున్నాడు. వాడి చొక్కాకు కూడా రక్తపు చుక్కలున్నాయి. పొద్దున ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా.

“దించు,” అంది.

“అమ్మా, నువ్వు ఈడికి రాగూడదు.”

“దించరా! వివేకు నా బిడ్డ కూడా గదా. నేను అడుగుతా.”

దించారు. హనోకు గోనెసంచిలా కూలబడ్డాడు. ఆమె నీళ్ల చెంబు అతని పెదాలకు ఆనించింది. సగం నీళ్లు ఎర్రగా బయటికి వచ్చాయి.

“హనోకూ, వివేకు యాడుండాడు?”

“తెలీదమ్మా. తెలిస్తే నిన్ననే చెప్పనా? నా చేతుల మీద పెరిగినోడు గదమ్మా.”

ఆమెకు అప్పుడు ఒక ఉపాయం తోచింది. చాలా మంచి ఉపాయమనిపించింది. స్వామే తోపించాడనుకుంది.

“ఇదో, వినండి అందరూ,” అంది లేచి. “వీడు దేవుని ముందర కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తాడు. చేస్తే నేను నమ్ముతా. మీరూ నమ్మాల. ఇంక చెయ్యి పడగూడదు వీని మీద.”

జనం సరేనన్నారు. ఊళ్లో ఎన్నో తగవులు అలా తెగిపోయాయి. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ‘నేనెరగను’ అంటే అంతే, ఆ మాట మీద ఇంకెవరూ మాట్లాడరు. వెంకటరామి కూడా తలూపాడు. పరువుగా బయటపడే దారి దొరికిందని ఆయన మొహంలో కనిపించింది.

ఇద్దరు మనుషులు హనోకుని ఎత్తి పట్టుకుని వాకిట్లోకి తెచ్చారు. సుభద్రమ్మ అహోబిల నరసింహస్వామి పటం తెచ్చి పీట మీద పెట్టింది. ఇత్తడి పళ్లెంలో కర్పూరం వెలిగించింది. చెయ్యి కాలినా పూట తిరిగేసరికి తనే వెన్న రాస్తాననుకుంది.

“ఆర్పు నాయనా.”

హనోకు మంట వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. చెయ్యి కదల్చలేదు.

“నేను ఒట్టు పెట్టుకోనమ్మా.”

“ఏంది?”

“మేము యే ఒట్టూ పెట్టుకోమమ్మా. మా నాయన, వాళ్ల నాయన కాలం నుంచీ మా సంఘంలో అంతే. అడిగితే ఉన్నది చెప్తాము. చెప్పినా గదమ్మా.”

“సరే, మీ దేవుని మీదనే పెట్టుకో,” అంది ఆమె గాభరాగా. “మీ బైబిలు తెప్పిస్తా. దాని మీద చెయ్యి పెట్టు, చాలు!”

“దాని మీద అసలే పెట్టనమ్మా. ఒట్టు పెట్టొద్దని దాంట్లోనే ఉంది.”

పళ్లెంలో కర్పూరం దానంతటదే కాలుతోంది.

“చూసినారా!” అని ప్రశాంత్ అరిచాడు. “మన దేవుడూ వద్దంట, వాని దేవుడూ వద్దంట! తప్పు చేసినోడు గాకపోతే ప్రమాణానికి ఎందుకు భయపడ్తాడు?”

వెంకటరామి అరుగు మీద లేచి నిలబడ్డాడు. మైకు లేకపోయినా గొంతు అదే. “విన్నారా అప్పా? నేను దయ చూపించినా. నా ఇంటిది దయ చూపించింది. దయకి లొంగేది కాదు ఈ జాతి. ఇంక నన్ను ఎవరూ తప్పు పట్టొద్దు!”

ఈలలు పడ్డాయి. హనోకుని జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయారు. అతని మోకాళ్లు వాకిట్లో ముగ్గును చెరుపుకుంటూ పోయాయి.

సుభద్రమ్మ ఆపలేదు.

అది ఆమె ఎవరికీ చెప్పుకోలేని సంగతి. ఆ క్షణంలో ఆమెకూ అనుమానం వచ్చింది. ఒట్టు పెట్టుకోవడానికి ఏం కష్టం? బిడ్డ తల్లి అడిగితే మంట మీద చెయ్యి పెట్టలేడా? కొట్టనీ, చెప్పనీ, నా బిడ్డ దొరకనీ అనుకుంది. అనుకుని లోపలికి పోయి వంటింటి తలుపేసుకుంది.

తలుపు అరుపుల్ని ఆపలేదు. ఈసారి బెల్టు చప్పుడు కాదు. ఇనుపది ఏదో. ఒక్కో దెబ్బకు ముందు ప్రశాంత్ గొంతు “యాడ?” అంటోంది. దెబ్బ. “యాడ?” దెబ్బ. ఎముక విరిగిన చప్పుడు ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. చెరుకు విరిచినట్టే ఉంది. అంత మామూలుగా ఉంది.

పెరటి తలుపు ఎవరో గోళ్లతో గీరుతున్నారు. తీసి చూస్తే హనోకు భార్య రాహేలు. ముందర గేటు దగ్గర రానియ్యకపోతే గోడ దూకి వచ్చినట్టుంది. మోచేతులు కొట్టుకుపోయి ఉన్నాయి.

“అమ్మా, మీ కాళ్లు పట్టుకుంటా. ఆయన అబద్ధం చెప్పే మనిషి గాదమ్మా.”

“అయితే ఒట్టెందుకు పెట్టుకోడే?” సుభద్రమ్మ గొంతు తనకే కొత్తగా ఉంది. “ఒక్క ఒట్టు! నేను వెలిగించి పెట్టినా. వాని ప్రాణం కాపాడదామనే గదా పెట్టినా!”

“కోర్టులో కూడా పెట్టలేదమ్మా ఆయన.”

“ఏ కోర్టు?”

“మీ లారీ కేసుకే గదమ్మా. ఆరేండ్ల కిందట బళ్లారి కోర్టులో సాక్షిగా నిలబడినాడే, అప్పుడు. బోనులో ఒట్టు పెట్టమన్నారంట. ఈయన పెట్టనన్నాడంట. వకీలప్ప తల కొట్టుకున్నాడు, కేసు పాయె అని. జడ్జిగారు మాత్రం తప్పు పట్టలేదంట. ఒట్టు ఇష్టం లేకుంటే వద్దులే, నిజమే చెప్తానని మాటియ్యి, చాలు, చట్టంలో దానికి చోటుంది అన్నారంట. మాటిచ్చి చెప్పినాడు. మీ కేసు గెలిచినారు గదమ్మా!”

సుభద్రమ్మ వంటింటి తలుపు వైపు తిరిగింది.

కేసు గెలిచిన రోజు ఇంట్లో పాయసం వండింది తనే. ఎలా గెలిచారో అడగలేదు. ముక్కూ మొహం తెలియని జడ్జి హనోకుకి ఇచ్చిన చోటు తన పూజ పీట ముందర తను ఇవ్వలేకపోయింది. స్వామీ, నువ్వు తోపించావనుకున్నానే! నువ్వేనా తోపించింది?

ఆమె తలుపు గడియ తీసేలోపే షెడ్డు హోరెత్తింది.

“చెప్పినాడు! చెప్పినాడు! కెంచనగుడ్డ!”

వాకిట్లో ఉన్న రెండు జీపులు ఒక్కసారే స్టార్టయ్యాయి. గునపాలు, ఇనుప పైపులు లోపలికి విసురుతున్న మోత. ప్రశాంత్ ముందు జీపులో నిలబడి ఉన్నాడు. “ఏటి ఒడ్డున పుట్టి పడవల దగ్గర దాచినారంట నాయనా! తెస్తా తమ్ముణ్ణి!”

వెంకటరామి గడియారం చూసుకుని జనం వైపు తిరిగాడు. “ఎంతైంది? చెప్పండప్పా, ఎంతైంది?”

“యాభై రెండు నిమిషాలు!” అని జనం అరిచారు. ఎవరో టపాకాయలు కాల్చారు.

సుభద్రమ్మ, రాహేలు షెడ్డులోకి వెళ్లేసరికి హనోకుని ఇంకా గొలుసు నుంచి విప్పలేదు. పని అయిపోయిందని వదిలేసి పోయారు. ఇద్దరూ కలిసి దించారు. ఎడమ కాలు మోకాలి కింద తిరగకూడని వైపు తిరిగి ఉంది. కుడిచేతి వేళ్లు మూడు చితికిపోయాయి. రాహేలు అరవలేదు. తల ఒళ్లో పెట్టుకుని, చెంగుతో నోటి దగ్గర రక్తం తుడుస్తూ ఏదో పాట గొణిగింది. పాటో ప్రార్థనో.

“హనోకూ, నిజంగానే కెంచనగుడ్డలో ఉండాడా?” అని సుభద్రమ్మ అతని చెవి దగ్గర అడిగింది.

హనోకు పెదాలు కదిలాయి.

“తెలీదమ్మా. ఏదో ఒక ఊరు చెప్పమన్నారు. చెప్తే ఆపుతామన్నారు.”

“ఆ ఊరే ఎందుకు?”

“రాహేలు వాళ్ల ఊరు... నోటికి అదే వచ్చింది.” అతని కంటి కొసలోంచి నీళ్లు చెవిలోకి జారాయి. “ఆడ పుట్టి తోలేటోళ్లుండారమ్మా. పాపం వాళ్లకేం తెలీదు. పోనియ్యొద్దమ్మా వాళ్లని.”

సుభద్రమ్మ పరుగెత్తుకొచ్చి భర్త చెయ్యి పట్టుకుంది. “ప్రశాంత్‌ని వెనక్కి పిలవండి. వాడు నొప్పికి చెప్పినాడు. అదంతా అబద్ధం.”

“మళ్లీ మాట మార్చినాడా?” వెంకటరామి నవ్వాడు. “మార్చనీ. మొదట వచ్చేదే నిజం.”

“మొదట వచ్చింది తెలీదనే గదా! నిన్నటినుంచి అదే గదా వాడు చెప్పింది!”

ఆయన చెయ్యి విడిపించుకున్నాడు. ఫోన్ చేయలేదు. ఆమే చేసింది. పదిసార్లు చేసింది. అందుబాటులో లేరని రికార్డు చేసిన ఆడగొంతు కన్నడంలో పదిసార్లు చెప్పింది.

గంటన్నర గడిచింది. ఆ గంటన్నరలో హనోకుని ఆస్పత్రికి తీసుకుపోవడానికి డ్రైవర్లెవరూ ముందుకు రాలేదు. యజమాని చెప్పనిదే తాళం తీసేది లేదన్నారు. వివేక్ వచ్చాక చూద్దామన్నాడు వెంకటరామి.

ఫోన్ మోగినప్పుడు ఆయన అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు.

“నాయనా!” ప్రశాంత్ గొంతు. వెనకాల ఎవరో మూలుగుతున్నారు. నీళ్ల చప్పుడు. “చేసినోడు దొరికినాడు నాయనా. హంపన్న అంట, పుట్టి తోలేటోడు. మొదట తెలీదన్నాడు. కాళ్ల మీద నాలుగు పడేసరికి ఒప్పుకున్నాడు. తమ్ముణ్ణి... తమ్ముణ్ణి చంపి ఏట్లో ఏసినారంట నాయనా!”

వెంకటరామి చేతిలోంచి ఫోన్ జారి అరుగు మీద పడింది. ఆయన గొంతులోంచి మాట కాదు, పశువు రంకెలాంటిది వచ్చింది. “చంపండ్రా! వాన్ని చంపండి! వీన్నీ చంపండి!”

నలుగురైదుగురు షెడ్డు వైపు కదిలారు.

సుభద్రమ్మ షెడ్డు వాకిలికి అడ్డంగా నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

“నా బిడ్డ చావలేదు.”

“అమ్మా, వాడే ఒప్పుకున్నాడు గదా...”

“ఒప్పుకున్నాడు. ఈడ హనోకు ఊరు చెప్పినట్టే, ఆడ హంపన్న చావు చెప్పినాడు. ఇంకా నాలుగు కొడితే మహారాజుని కూడా నేనే చంపినా అంటాడు. వాళ్ల మాట నమ్మి నా బిడ్డకి పిండం పెట్టమంటారా? నేను నమ్మను.”

వెంకటరామి చెయ్యి ఎత్తాడు. ముప్పై రెండేళ్లలో మొదటిసారి, అంతమంది ముందర. దెబ్బకు ఆమె చెవి కమ్మ తెగి కింద పడింది. రక్తం మెడ మీదికి కారింది.

ఆమె తుడుచుకోలేదు. “కొట్టండి,” అంది మెల్లగా. “కొట్టి, నా చేత కూడా ఏం చెప్పించుకోవాలో చెప్పించుకోండి.”

ఆయన మళ్లీ ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. జనంలో ఒక ముసలాయన తల దించుకుని గేటు దాటి వెళ్లిపోయాడు. తర్వాత ఇంకొకరు.

అప్పుడు బసప్ప ముందుకొచ్చాడు. లోడింగు మేస్త్రీ, కన్నడం మనిషి, ఆ ఇంట్లో ఎవరినీ ఎదిరించి ఎరుగడు. హనోకుని ఎక్కించడానికి తన ట్రాక్సు బండి తలుపు తీసి పట్టుకున్నాడు.

బళ్లారి పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. హనోకుని బల్ల మీదికి మార్చగానే ఆమె మొహం మారిపోయింది.

“ఏనాయ్తు?” ఏమైందని కన్నడంలో అడిగింది.

“యాక్సిడెంట్ మేడం,” అన్నాడు బసప్ప, ఆమె కళ్లలోకి చూడకుండా.

“యాక్సిడెంట్‌లో రెండు మణికట్లకీ గొలుసు అచ్చులు పడతాయా?” ఆమె హనోకు చేతులు వెలుగులోకి తిప్పి చూసి, సుభద్రమ్మ చెవి వైపు చూసింది. “అమ్మా, మీరు చెప్పండి. నేను పుస్తకంలో రాయాల. రాస్తే పోలీసులకి పోతాది. ఆడ్నించి కోర్టుకి పోతాది. ఆలోచించుకుని చెప్పండి.”

రాహేలు తలెత్తలేదు. చెప్పమని అడగలేదు. వద్దనీ అనలేదు.

“రాయమ్మా,” అంది సుభద్రమ్మ. “యాక్సిడెంట్ గాదు. మా ఇంట్లో కొట్టినారు. చంపేటట్టు కొట్టినారు.”

“ఎవరు?”

ముప్పై రెండేళ్లుగా ఆ పేరు ఆమె నోట రాలేదు. గుళ్లో అర్చన చేయించినా పక్కనున్న ముత్తయిదువే ఆ పేరు పూజారికి చెప్పేది. పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని అత్తగారు చెప్పింది. ఆమె నమ్మింది. ఇప్పటికీ నమ్ముతోంది.

“వెంకటరామి,” అంది.

డాక్టరు రాసుకుంది.

బయట వరండాలో బసప్ప ఫోన్ మోగింది. రెండు మాటలు విన్నాడో లేదో, లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

“బేడమ్మా, బేడ! ఇంక చెప్పొద్దు!” అని గొంతు తగ్గించి ఆమె చెవి దగ్గరికి వంగాడు. “ఆ పుట్టి హంపన్న పోయినాడంట. ప్రశాంతప్ప చేతిలోనే పోయినాడంట. పీనుగని జీపులో పండేసుకుని యాడికి పోవాలో తెలీక తిరుగుతాండారు. ఇంగ ప్రశాంతప్ప పేరు మీరు ఈడ చెప్తే, పిల్లోణ్ణి మీరే ఉరికి ఎక్కించినట్టమ్మా. ఒక కొడుకు ఏమైనాడో తెలీదు. ఇంకొకణ్ణి కూడానా?”

సుభద్రమ్మ బల్ల అంచు పట్టుకుంది. బల్ల మీద హనోకు కళ్లు తెరిచి ఉన్నాయి. ఆమెనే చూస్తున్నాయి. అందులో కోపం లేదు. అడగడం కూడా లేదు.

డాక్టరు కలం కాగితం మీదనే ఉంది.

“ఇంకెవరమ్మా?” అని మళ్లీ అడిగింది.